తెర మీది ఆటలు – 7: గెంతు, గొయ్యి, గేమ్ ఓవర్

గత భాగంలో మన కథ నాణేల యంత్రాల దగ్గర ఆగింది. 1972లో వచ్చిన పాంగ్, 1978లో వచ్చిన స్పేస్ ఇన్వేడర్స్ అమెరికా, జపాన్ పట్టణాల్లో జనం జేబుల్లోని చిల్లరను ఎలా ఊడ్చేశాయో చూశాం. బీరువాలంత ఎత్తున నిలబడ్డ ఆ పెట్టెలు చేసినవాళ్లకు ఒకటే లెక్క ఉండేది. ఆడేవాడు కొద్ది నిమిషాల్లో ఓడిపోవాలి. అయినా అలిగి వెళ్లిపోకూడదు. "ఈసారి కొట్టేస్తాను" అనుకుంటూ ఇంకో నాణెం వెయ్యాలి.

ఈ భాగంలో తుపాకీ లేని మనిషి తెర మీదికి వస్తాడు. అతనికి వచ్చిన విద్య గెంతడం ఒక్కటే. గెంతు తప్పితే చస్తాడు, ఆ చచ్చే తీరు చూసి చుట్టూ ఉన్నవాళ్లు పగలబడి నవ్వుతారు, ఆట మళ్లీ మొదలవుతుంది. క్యోటోలో పుట్టిన ఈ గెంతు మన విశాఖ దాకా వచ్చింది. మల్కాపురం, గాజువాక సందుల్లో టీవీల ముందు పిల్లల్ని కూర్చోబెట్టింది. డాల్ఫిన్స్ నోస్ కొండకు అవతల ఉన్న మా యారాడ కుర్రాళ్లను ఆ కొండ ఎక్కించి దింపింది. ఇంత చిన్న ఆట, ఇంత కష్టమైన ఆట, ఒక తరాన్ని ఎందుకు పట్టుకుంది? ఆ సంగతి తేల్చాలంటే ముందు ఒక గోదాములోకి వెళ్లాలి.

అమ్ముడుపోని రెండు వేల పెట్టెలు

నింటెండో 1889లో క్యోటోలో పూల బొమ్మల పేకముక్కలు చేసే దుకాణంగా మొదలైంది. తొంభై ఏళ్ల తర్వాత అమెరికాలో అడుగుపెట్టి, రాడార్ స్కోప్ అనే కాల్పుల ఆట యంత్రాలను మూడు వేలు తెప్పించుకుంది. వెయ్యి పోయాయి. రెండు వేలు గోదాములో మిగిలిపోయాయి. అమెరికా వ్యాపారం చూస్తున్న మినోరు అరకావా ఎవరో కాదు, నింటెండో అధినేత హిరోషి యమౌచికి స్వయానా అల్లుడు. అదే పెట్టెల్లో ఇంకో ఆట పెట్టి అమ్ముకునేలా ఏదైనా చెయ్యమని మామగారిని అడిగాడు. యమౌచి ఆ పనిని అప్పటిదాకా ఒక్క ఆటనూ సొంతంగా రూపొందించని కుర్రవాడికి, బొమ్మలు గీసే షిగెరు మియామోతోకి అప్పగించాడు. పక్కన పెద్ద దిక్కుగా ఇంజనీరు గున్‌పెయి యొకొయిని పెట్టాడు.

అలా 1981లో డాంకీ కాంగ్ వచ్చింది. ఒక గొరిల్లా అమ్మాయిని ఎత్తుకుపోయి ఇనుప దూలాల పైన కూర్చుంటుంది. అక్కడి నుంచి పీపాలు దొర్లిస్తుంది. ఒక బుల్లి వడ్రంగి వాటి మీంచి గెంతుతూ పైకి ఎక్కాలి. అతని రూపమంతా ఇరుకులో పుట్టిందే. అన్ని తక్కువ చుక్కల్లో జుట్టు గీయడం కుదరక టోపీ పెట్టారు, నోరు కనిపించదని మీసం పెట్టారు, చేతుల కదలిక తెలియాలని రెండు రంగుల బట్టలు వేశారు. అమెరికాలో ఆ గోదాము యజమాని పేరు మారియో సెగాలీ. బొమ్మకు ఆ పేరే ఖాయమైంది.

ఈ మారియో తన ఎత్తుకు మించిన చోటు నుంచి కింద పడినా చచ్చిపోతాడు. గిరగిరా తిరిగి వెల్లకిలా పడతాడు, తల మీద దేవదూతలకు గీసే వలయం ఒకటి వెలుగుతుంది. ఓడిపోయినవాడి ముఖంలో కూడా చిరునవ్వు తెప్పించే ఆ రెండు క్షణాల బొమ్మే ఈ రకం ఆటలన్నింటికీ మూలమని నా నమ్మకం. కాల్పుల ఆటలో ఓడితే ఓడ పేలిపోయేది, అంతే. ఇక్కడ ఒక మనిషి పడ్డాడు. మనిషి పడితే చూసేవాళ్లకు నవ్వొస్తుంది. పడ్డవాడికి ఏమీ కాలేదని తెలిస్తే ఇంకా నవ్వొస్తుంది.

లివర్‌పూల్ కుర్రాడి బూటు

సముద్రానికి ఇంకో ఒడ్డున, మరో రేవు పట్టణంలో, ఇదే కాలంలో ఇంకో కథ నడుస్తోంది. 1982లో బ్రిటన్‌లో సింక్లెయిర్ స్పెక్ట్రమ్ అనే చవక కంప్యూటర్ వచ్చింది. రబ్బరు మీటలు, పాటల క్యాసెట్ల మీంచి ఎక్కించుకునే ఆటలు. హైదరాబాద్ పబ్లిక్ స్కూల్లో చదువుకునే రోజుల్లో సత్య నాదెళ్లకు తండ్రి యుగంధర్ బ్యాంకాక్ నుంచి తెచ్చిచ్చినది కూడా ఈ యంత్రమే. తర్వాతి కాలంలో మైక్రోసాఫ్ట్ పగ్గాలు పట్టిన మన తెలుగువాడి మొదటి కంప్యూటర్, యూరప్‌లో గెంతుడు ఆటలకు పుట్టినిల్లు అయిన కంప్యూటర్, రెండూ ఒకటే.

లివర్‌పూల్ ప్రాంతపు కుర్రాడు మాథ్యూ స్మిత్ 1983లో, ఇంకా ఇరవై నిండకముందే, కొద్ది వారాల్లో ఈ స్పెక్ట్రమ్ కోసం మానిక్ మైనర్ అనే ఆట రాశాడు. విల్లీ అనే గని కార్మికుడు ఇరవై గుహల్లో తాళంచెవులు ఏరుకుని బయటపడాలి. లోపల గాలి తగ్గిపోతూ ఉంటుంది. అడ్డొచ్చేవి రాక్షసులు కావు. నడిచే టాయిలెట్లు, పిచ్చెక్కిన టెలిఫోన్లు. గెంతు వెంట్రుకవాసి తప్పినా ప్రాణం పోతుంది. ప్రాణాలన్నీ అయిపోతే పైనుంచి పెద్ద బూటు దిగి విల్లీని నేలకు అదిమేస్తుంది. బ్రిటన్‌లో మాంటీ పైథాన్ హాస్య బృందం టీవీలో చూపించిన పెద్ద పాదానికి ఇది తమ్ముడు.

ఆ ఊళ్లో ఆటలు రాసే కంపెనీల మధ్య పోటీ కూడా ఆ గుహల్లోకి ఎక్కింది. స్మిత్ ఆటను అమ్మింది బగ్‌బైట్. అందులోంచి విడిపోయినవాళ్లు పెట్టుకున్నది ఇమాజిన్. ఇమాజిన్‌లో యూజీన్ ఎవాన్స్ అనే కుర్ర ప్రోగ్రామర్‌కు వచ్చే జీతం గురించి పత్రికలు కథలు కథలుగా రాసేవి. స్మిత్ ఒక గుహకు "యూజీన్ గుహ" అని పేరు పెట్టి, దారికి అడ్డంగా ఎక్కి దిగే ఒక పెద్ద తలకాయను కాపలా పెట్టాడు. 1984లో ఇమాజిన్ అప్పుల్లో మునిగి మూతపడింది. తలకాయ మాత్రం ఆటలో మిగిలింది.

స్మిత్ తర్వాతి ఆట జెట్ సెట్ విల్లీ. గనిలో డబ్బు సంపాదించిన విల్లీ పెద్ద మేడ కొన్నాడు, విందు ఇచ్చాడు, ఇల్లంతా చెత్త చేశాడు. అదంతా ఏరేస్తే తప్ప ఇల్లు చూసుకునే మరియా అతన్ని మంచం ఎక్కనివ్వదు. ఈ ఆటలో ఒక పెద్ద దోషం ఉంది. అటక గదిలోకి అడుగుపెడితే వేరే గదుల్లో ఆట చెడిపోయి, ఎవరికీ పూర్తిచేయడం సాధ్యం కాకుండా పోయేది. అమ్మిన కంపెనీ మొదట ఏం చెప్పిందో తెలుసా? అది దోషం కాదు, ఆ గదుల్లో విషవాయువు నిండి ఉంది, ఆట కష్టంగా ఉండాలని అలా పెట్టాం అని. జనం కొన్నాళ్లు దాన్ని నమ్మారు కూడా. తర్వాత కంపెనీయే దిద్దుబాటు విడుదల చేసింది. ఎంత అన్యాయమైన చావైనా ఆటలో భాగమే అనుకునే ఓపిక ఆటగాళ్లకు అప్పటికే అబ్బిందని ఈ ఒక్క సంఘటన చెబుతుంది.

నేర్పిన గురువే ఉచ్చు పన్నితే

మళ్లీ క్యోటో వెళ్దాం. 1983 జులైలో నింటెండో ఇంటి టీవీకి తగిలించుకునే ఫామికామ్ పెట్టెను జపాన్‌లో విడుదల చేసింది. 1985 సెప్టెంబరు 13న దాని కోసం సూపర్ మారియో బ్రదర్స్ వచ్చింది. మియామోతో, తకాషి తెజుకా కలిసి చేసిన ఈ ఆట మొత్తం బరువు 40 కిలోబైట్లు. ఇవాళ ఫోన్లో తీసే ఒక్క ఫొటో దీనికి పదుల రెట్లు ఉంటుంది. జాగా కలిసొస్తుందని ఆకాశంలో మేఘానికి, నేల మీద పొదకు ఒకే బొమ్మ వాడారు. తెల్లరంగు వేస్తే మేఘం, ఆకుపచ్చ వేస్తే పొద. అంత ఇరుకులో 32 స్టేజీలు పట్టించారు. ఇరుకు జాగాలో ఆట చాలాకాలం నడవాలంటే దారి ఒకటే, కష్టంగా ఉండాలి. నాణేల కాలం నాటి కాఠిన్యం ఇళ్లలోకి వచ్చాక కూడా తగ్గకపోవడానికి ఇది పెద్ద కారణం.

అయితే మియామోతో కష్టపెట్టేముందు నేర్పించాడు. మొదటి స్టేజిలో మొదటి శత్రువు పుట్టగొడుగు ఆకారంలో నిదానంగా నడిచి వస్తుంది. గెంతకపోతే చస్తాం, గెంతితే దాని నెత్తిన పడతాం. ఆ కాసేపట్లో ఆట సగం వచ్చేస్తుంది. ఇంకో చోటు చూడండి. అదే స్టేజి చివర్లో రెండు మెట్ల దిబ్బలు ఎదురెదురుగా ఉంటాయి. మధ్యలో ఖాళీ, కింద నేల. తప్పినా ప్రాణం పోదు. నాలుగడుగులు వేస్తే అలాంటివే మరో రెండు దిబ్బలు, ఈసారి మధ్యలో నేల లేదు, గొయ్యి. ముందు ప్రమాదం లేకుండా సాధన, వెంటనే అదే పరీక్ష. ఒక్క అక్షరం చదవడం రాని పిల్లవాడికి కూడా అర్థమయ్యే పాఠం. మీట ఎంతసేపు నొక్కితే అంత ఎత్తు, పరుగెత్తి గెంతితే అంత దూరం, గాల్లో ఉండగానే కాస్త ఇటూ అటూ జరగొచ్చు. గెంతును ఇంత మెత్తగా వేలికి అప్పగించిన ఆట అంతకుముందు లేదు.

దాదాపు తొమ్మిది నెలలకు, 1986 జూన్ 3న, అదే చేతులు దీని రెండో భాగం తెచ్చాయి. మొదటి ఆటను నమిలి మింగేసినవాళ్ల కోసం చేసింది అది. తింటే పెద్దవాణ్ని చేస్తుందని మొదటి ఆట నేర్పిన పుట్టగొడుగు ఇక్కడ మొదట్లోనే విషమై ఎదురవుతుంది. స్టేజీలు దాటించి ముందుకు పంపే గొట్టం ఇక్కడ వెనక్కి పంపేస్తుంది. గాలి వీచి గెంతును పక్కకు లాగేస్తుంది. ఇది మా పిల్లల్ని తరిమేస్తుందని నింటెండో అమెరికా శాఖ భయపడి విడుదలే చేయలేదు. 1988లో డోకి డోకి పానిక్ అనే వేరే ఆటకు మారియో వేషం వేసి రెండో భాగమని అమ్మారు. అసలు రెండో భాగం 1993లో గానీ అమెరికా పిల్లల చేతికి రాలేదు.

క్యాప్‌కామ్ కంపెనీ కోసం టొకురో ఫుజివారా 1985లో చేసిన ఘోస్ట్స్ ఎన్ గోబ్లిన్స్ గురించి కూడా ఒక మాట. కవచం వేసుకున్న వీరుడు దెబ్బ తినగానే కవచం ఊడిపోయి చెడ్డీ మీద మిగులుతాడు. ఇంకో దెబ్బకు ఎముకల గూడు. ఇన్ని బాధలు పడి చివరిదాకా వస్తే అదంతా సైతాను మాయ అని చెప్పి ఆట మళ్లీ మొదటికి పంపుతుంది. రెండోసారి పూర్తిచేస్తేనే అసలు ముగింపు.

అమెరికాలో అద్దె దుకాణాలు వచ్చాక కాఠిన్యానికి మరో కారణం తోడైంది. ఒక శని, ఆదివారం అద్దెకు తెచ్చుకుని ఆట ముగించేస్తే ఇక కొనేదెవరు? అద్దె వ్యాపారం నింటెండోకు ఎంత కంటగింపు అంటే, 1989లో ఆటల వివరణ పుస్తకాలను నకలు తీస్తున్నారని బ్లాక్‌బస్టర్ సంస్థను కోర్టుకు లాగింది. ఆ ఏళ్లలో కొన్ని ఆటలు అమెరికా వెళ్లేముందు మరింత కష్టం చేయించుకునేవి. అద్దె అన్న మాట వచ్చింది కాబట్టి ఇక మన ఊరికి రావచ్చు. మన దగ్గర ఈ ఆట బతికిందే అద్దె మీద.

గంట లెక్కన మారియో

1991లో ఆర్థిక సంస్కరణలు మొదలయ్యాయి. 1971లో ఇందిరాగాంధీ శంకుస్థాపన చేసిన విశాఖ ఉక్కు కర్మాగారాన్ని 1992 ఆగస్టు 1న ప్రధాని పీవీ నరసింహారావు జాతికి అంకితం చేశారు. పోర్టు, షిప్‌యార్డు, నేవీ, రిఫైనరీ, జింకు ఫ్యాక్టరీ, ఇప్పుడు ఉక్కునగరం. నెల తిరిగేసరికి జీతం అందే ఇళ్లు ఈ ఊళ్లో చుట్టుపక్కల ఏ ఊరికన్నా ఎక్కువ. కలర్ టీవీ అలాంటి ఇళ్లలోకే ముందు వచ్చింది. టీవీ వచ్చిన ఇంటికి తర్వాత వచ్చింది వీడియో గేమ్.

అది నింటెండో పెట్టె కాదు. తైవాన్‌లోనూ, తర్వాత చైనాలోనూ ఫామికామ్ లోపలి పనంతా నకలు చేసిన చిప్పులు తయారయ్యేవి. వాటితో చేసిన చవక సెట్లు మీడియా, లిటిల్ మాస్టర్, టెర్మినేటర్ అనే పేర్లతో మన బజార్లలోకి వచ్చాయి. మియామోతో పేరు ఎవరూ వినలేదు. నింటెండో అన్న మాట కూడా చాలామందికి తెలియదు. మారియో మాత్రం అందరికీ తెలుసు. పసుపురంగు కేసెట్ మీద లక్షల్లో ఆటలున్నాయని అంకె వేసి ఉండేది. లోపల చూస్తే పాతికో ముప్ఫయ్యో ఆటలు పేర్లు మార్చుకుని తిరిగి తిరిగి వచ్చేవి.

సెట్టు కొనలేని ఇళ్లే ఎక్కువ. వాళ్లకోసం షాపులు వెలిశాయి. వీధి వైపు గది, తలుపుకు దుప్పటంత తెర, లోపల రెండో మూడో టీవీలు, గోడకు గడియారం, ఎవడు ఎన్నింటికి కూర్చున్నాడో రాసుకునే చేతిపుస్తకం. గంటకు ఐదో పదో రూపాయలు. కేసెట్ పట్టకపోతే బయటికి లాగి, కింద బంగారు రంగు పళ్ల మీద "ఉఫ్" అని ఊది మళ్లీ గుచ్చేవాళ్లు. టీవీ ఛానెల్ తిప్పుతూ బూడిదరంగు ఈగల్లోంచి మారియో నీలాకాశం తేలేదాకా ఎవరూ ఊపిరి పీల్చేవాళ్లు కారు.

యారాడకు మూడు వైపులా కొండలు, నాలుగో వైపు సముద్రం. ఊళ్లోంచి బయటపడాలంటే కొండరోడ్డు ఎక్కి దిగాల్సిందే. దిగితే సింధియా, మల్కాపురం, ఆపైన గాజువాక. పని మీద పెద్దవాళ్లు వెళ్లే దారి అది. సెలవుల్లో పిల్లలు కూడా ఏదో పని కల్పించుకుని అదే దారి పట్టేవారు. అక్కడ షాపులో రిమోట్ పట్టేది ఇద్దరు, వెనక నిలబడేది పది మంది. డబ్బులిచ్చినవాడికన్నా వెనక ఉన్నవాడికే మాట ఎక్కువ.

"ఒరే, ఆగి గెంతరా, గొయ్యుంది!"

"ఆగితే ఎనకాల తాబేలు వచ్చెత్తాదిరా!"

"ఓలమ్మో, సచ్చిపోనాడు! లెగు, నా ఛాన్సు!"

"రిమోట్ నొక్కట్లేదురా బావూ, నా తప్పేటి కాదు!"

ఈ మాటల్లోనే మన ప్రశ్నకు జవాబు ఉంది. వెనక ఉన్న పది మందికీ ఆట అర్థమవుతోంది. గొయ్యిలో పడకూడదు, తాబేలు తగలకూడదు. ఇంతకు మించి నియమం లేదు. ఎవడి తప్పు ఎక్కడ జరిగిందో అందరూ ఒకేసారి చూశారు. తప్పు జరిగిన మరుక్షణం మారియో చేతులు పైకెత్తి, నోరు తెరిచి, ఒకసారి ఎగిరి తెర కిందికి జారిపోతాడు. గదిలో నవ్వులు. రిమోట్ చేతులు మారుతుంది. మన వైకుంఠపాళిలో పెద్దపాము నోట పడ్డా ఇలాగే ఇల్లంతా నవ్వేది, కానీ అక్కడ తప్పు గవ్వలది. ఇక్కడ తప్పు వేలిది. వేలి తప్పును వేలే దిద్దుకోగలదన్న ఆశ మనిషిని కదలనివ్వదు. కష్టం ఎక్కువైనా ఆట సరళంగా ఉంటేనే ఆ ఆశ బతుకుతుంది. నియమాలు ఇరవై ఉంటే ఓడినవాడికి ఎందుకు ఓడాడో తెలియదు, చూసేవాడికి ఎందుకు నవ్వాలో తెలియదు.

ఒంటరిగా ఆడితే ఇంత కష్టమైన ఆటను మొదటిరోజే పక్కన పడేసేవాళ్లేమో. పది మంది మధ్య ఆడడం వల్లనే అది పండగ అయింది. విద్య కూడా అలాగే పాకింది. 1-2లో, అంటే మొదటి లోకం రెండో స్టేజిలో, పైకప్పు మీద ఎక్కి నడిచిపోతే చివర్లో స్టేజీలు దాటించే గొట్టాలు ఉంటాయని ఒకడు చెప్పేవాడు. 3-1 మెట్ల మీద తాబేలు చిప్పను తొక్కుతూ ఉంటే లైఫులు పెరుగుతూనే ఉంటాయని ఇంకొకడు. 7-4 కోటలో సరైన వరుసలో నడవకపోతే తిరిగిందే తిరుగుడు. ఎవరూ అచ్చువేయని ఈ విజ్ఞానం ఉక్కునగరం సెక్టార్ల నుంచి కొండ దాటి యారాడ దాకా నోటిమాటగా వచ్చింది. కాంట్రా అనే ఇంకో ఆటలో 30 లైఫులు తెచ్చే మంత్రం కూడా అంతే. పైన పైన, కింద కింద, ఎడమ కుడి, ఎడమ కుడి, బి, ఏ. దాన్ని కనిపెట్టింది కొనామి ఉద్యోగి కజుహిసా హషిమోతో. 1986లో గ్రేడియస్ ఆటను పరీక్షించాల్సి వచ్చి, అది తనకే మరీ కష్టమవడంతో పెట్టుకున్న దొడ్డిదారి అది. ఒక జపాన్ ఇంజనీరు సొంత అవస్థ మన పిల్లల కంఠస్థ విద్య అయింది.

ఆ షాపుల్లో ఆడపిల్లలు కనిపించేవారు కారు. అది ఆ కాలపు లోటు. క్వార్టర్లలో సెట్టు ఉన్న ఇళ్లలో మాత్రం అక్కలు తమ్ముళ్లను ఓడించి రిమోట్ ఇవ్వకుండా సతాయించేవారు. ఇక అందరినీ సమానంగా ఏడిపించింది కరెంటు. ఆట ఎక్కడిదాకా వచ్చిందో దాచుకునే సౌకర్యం ఆ కేసెట్లకు లేదు. ఎనిమిదో లోకం దాకా వచ్చాక కరెంటు పోతే మళ్లీ 1-1. ఆ చీకట్లో, గంట డబ్బులు వెనక్కివ్వాలా వద్దా అని జరిగిన తగాదాలు ఒక ప్రత్యేక అధ్యాయం.

ల్యాబులో డేవ్

1990ల చివర్లో హైదరాబాద్‌లో హైటెక్ సిటీ తెరుచుకుంది. కంప్యూటర్ అన్న మాట తెలుగు ఇళ్లలో ఉద్యోగానికి మారుపేరైంది. స్కూళ్లలో ల్యాబులు వచ్చాయి. సార్ తలుపు దాటగానే ఫ్లాపీలోంచి ఎర్రటోపీ డేంజరస్ డేవ్ దిగేవాడు. జాన్ రొమేరో 1988లో యాపిల్ కంప్యూటర్ కోసం రాసి, తర్వాత డాస్‌కు మార్చిన ఆట అది. పది స్టేజీలు, ప్రతి దాంట్లో ఒక కప్పు, ఒక తలుపు, మధ్యలో నిప్పు, నీళ్లు. మారియోను చూసి రాసిన ఆటే, మారియో అంత మెత్తని గెంతు మాత్రం కాదు. తలుపు పక్కనే ఉన్నా వెంట్రుకవాసిలో మాడిపోయేవాళ్లం. 1989లో జోర్డాన్ మెక్నర్ చేసిన ప్రిన్స్ ఆఫ్ పర్షియా కూడా ఆ ల్యాబుల్లోనే చూశాం. అరవై నిమిషాల గడువు, నేలలోంచి లేచే ముళ్లు. దానికి అందం ఉంది, డేవ్‌లో ఉన్న నవ్వు లేదు.

డేవ్ వెనక ఒక పోటీ కథ ఉంది. 1990 సెప్టెంబరులో ఒక రాత్రి రొమేరోతో కలిసి ఉద్యోగం చేసే జాన్ కార్మాక్, టామ్ హాల్ కూర్చుని, కంప్యూటర్ తెర మీద మారియో లాగా సాఫీగా కదిలే దృశ్యాన్ని సాధించారు. సూపర్ మారియో 3 మొదటి స్టేజిని అచ్చం దింపి, మారియో స్థానంలో డేవ్‌ను నిలబెట్టి, పొద్దున రొమేరో చూడాలని అతని బల్ల మీద ఫ్లాపీ పెట్టి వెళ్లారు. అది చూసిన రొమేరో ఇక ఆ ఉద్యోగంలో ఉండలేమని తేల్చేశాడు. తర్వాత నింటెండోకు చూపిస్తే తమ ఆటలు తమ పెట్టెలకే అని వద్దంది. 1991 ఫిబ్రవరిలో వాళ్లు ఐడీ సాఫ్ట్‌వేర్ పెట్టారు. తుపాకీ ఆటల చరిత్రను మార్చిన డూమ్ అక్కడిదే. మన ల్యాబుల్లో మాడిపోయిన బుల్లి డేవ్ దానికి తాత వరస.

పిల్లి మారియో

2007 ఫిబ్రవరిలో జపాన్‌లో చికు అనే మారుపేరుతో ఒకరు ష్యోబోన్ యాక్షన్ అనే ఆటను ఉచితంగా వదిలారు. మన నెట్ సెంటర్లలో దాని పేరు క్యాట్ మారియో. దిగులు ముఖం వేసుకున్న తెల్ల పిల్లి, చూడ్డానికి అచ్చం 1-1. గొయ్యి మీంచి గెంతుతాం, గాల్లో అప్పటిదాకా లేని ఇటుక తలకు తగిలి అదే గొయ్యిలో పడతాం. నవ్వుతున్న మేఘాన్ని తాకితే చస్తాం. ముగింపు జెండా కర్ర కూడా నమ్మదగింది కాదు.

దీన్ని చూసి మారియో ఎరగనివాడికి కోపం వస్తుంది. మారియో వచ్చినవాడికి కడుపు చెక్కలయ్యే నవ్వు వస్తుంది. మన పేరడీ సాహిత్యం పనిచేసేదీ ఇలాగే. జలసూత్రం రుక్మిణీనాథశాస్త్రి పేరడీలకు నవ్వాలంటే అసలు పద్యం నాలుక మీద ఉండాలి. ఇక్కడ అసలు పద్యం 1-1. రెండు దిబ్బల మధ్య మియామోతో ఓపిగ్గా నేర్పిన ప్రతి పాఠాన్నీ చికు గోతిగా మార్చాడు. ఎక్కడ గెంతుతావో నాకు తెలుసు, అక్కడే ఇటుక పెట్టాను అంటాడు. గాజువాక షాపుల్లో వేలికి నేర్చుకున్న విద్య ఎంత గట్టిదైతే ఈ ఆట చేతిలో అంత తొందరగా చస్తాం. ఒక తరమంతా ఒకే ఆటను కంఠస్థం చేసి ఉండకపోతే ఈ హాస్యమే పుట్టేది కాదు.

ఇంకో చిన్న సంగతి నాకెంతో ఇష్టం. పాత మారియోలో లైఫులు 127 దాటేలా పోగేస్తే లెక్క తిరగబడి, ఒక్క చావుతో గేమ్ ఓవర్ అయ్యేది. మరీ కూడబెట్టినవాడు మునిగేవాడు. పిల్లి ఆటలో లైఫులు రెండుతో మొదలై సున్నాకు వస్తాయి, అక్కడితో ఆగకుండా మైనస్‌లోకి పోతాయి. ఆట ఆగదు. ఎన్ని చచ్చినా అప్పు రాసుకుంటుందే తప్ప తలుపు మూయదు. నాణెం, అద్దె గంట, చివరి లైఫు అనే పాత భయాలన్నీ అక్కడ తీరిపోయాయి. కష్టం మిగిలింది, శిక్ష పోయింది.

అదే ఏడు అక్టోబరులో అమెరికాలో మైఖేల్ ఓరైలీ చేసిన ఐ వాన్నా బీ ద గై వచ్చింది. చెట్టు మీది పండ్లు కిందికి పడి చంపుతాయి, వాటిని దాటామనుకుంటే పైకి పడి చంపుతాయి. 2010లో ఎడ్మండ్ మెక్‌మిలన్, టామీ రెఫెనెస్ ఇద్దరే కూర్చుని సూపర్ మీట్ బాయ్ చేశారు. అందులో మాంసం ముద్ద లాంటి పిల్లవాడు చచ్చిన క్షణంలోనే మళ్లీ నిలబడతాడు, రెప్పపాటు వృథా కాదు. స్టేజి గెలిచాక మన పాత ప్రయత్నాలన్నీ ఒకేసారి తెర మీద పరుగెడతాయి. పదుల సంఖ్యలో మాంసం ముద్దలు ఒక్కసారే గెంతి, రంపాలకు చిక్కి రాలిపోతూ, చివరికి ఒక్కటి గట్టెక్కుతుంది. పూర్వం షాపులో వెనక నిలబడ్డ పది మంది చూసి నవ్విన దృశ్యాన్ని ఈసారి ఆడినవాడే కూర్చుని చూస్తాడు.

షాపులు అప్పటికే మూతపడుతున్నాయి. ఇళ్లలో కంప్యూటర్లు, జేబుల్లో ఫోన్లు వచ్చాయి. వెనక నిలబడే పది మంది ఎక్కడికి పోయారన్నది ఇక మిగిలిన ప్రశ్న. వాళ్లు ఎక్కడికీ పోలేదు, వేల రెట్లు పెరిగి యూట్యూబ్‌లో కూర్చున్నారు. వచ్చే భాగంలో హనోయ్ వెళ్దాం. అక్కడ డాంగ్ న్గుయెన్ అనే యువకుడు 2013 మేలో ఫ్లాపీ బర్డ్ అనే పిట్ట ఆటను వదిలి, ప్రపంచమంతా దానికి అతుక్కుపోయిన వేళ, 2014 ఫిబ్రవరిలో తన చేతులతోనే ఎందుకు తీసేశాడో చూద్దాం. డేగిసాలో కూర్చుని సుత్తితో కొండ ఎక్కే మనిషిని 2017లో తయారుచేసిన బెనెట్ ఫాడీని కలుద్దాం. అదే 2017లో హైదరాబాద్ నుంచి ఓగర్ హెడ్ స్టూడియో తెచ్చిన అసుర దగ్గర కాసేపు ఆగుదాం. గెంతుల ఆట కాకపోయినా, ఆటగాణ్ని వదిలిపెట్టని కష్టం ఉన్న ఆట అది, అదీ మన నేల మీద తయారైంది.